కంఫర్ట్: మాటలో మరుగుపడిన బలం

విదేశాల్లోని తెలుగువారి సంభాషణలో ‘కంఫర్ట్’ దాదాపు తెలుగు మాటగానే చలామణి అవుతోంది. కారు సీటుకూ, హోటల్ గదికీ, కొత్త ఉద్యోగానికీ అదే కొలమానం. ఈ వాడుకలో దాని అర్థం సుఖం, సౌకర్యం. అయితే ప్రతిచోటా ఈ అర్థమే చెప్పుకుంటే చిక్కు తప్పదు. ముసలితల్లికి కొడుకు ‘ఎ కంఫర్ట్’ అని ఇంగ్లీషులో అంటే, అతడు ఆమెకు ఊరట, అండ అని. అక్కడ ‘సౌకర్యం’ అని అనువదిస్తే కొడుకు వాలుకుర్చీతో సమానమవుతాడు.

ఈ తేడాకు కారణం పద చరిత్రలో ఉంది. లాటిన్‌లో ‘ఫోర్టిస్’ అంటే బలమైనది. దానికి ‘కమ్’ అనే ఉపసర్గ చేరగా ఏర్పడిన క్రియకు ‘బాగా బలపరచడం’ అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్ది నాటికి ఇంగ్లీషులో స్థిరపడింది. కోటను సూచించే ‘ఫోర్ట్’ కూడా ఈ కుదురుదే.

ఈ పాత అర్థం న్యాయభాషలో నేటికీ నిలిచి ఉంది. ఇంగ్లండులో 1351 నాటి రాజద్రోహ చట్టం శత్రువులకు ‘ఎయిడ్’, ‘కంఫర్ట్’ ఇవ్వడాన్ని నేరంగా పేర్కొంది. 1787లో రూపొందిన అమెరికా రాజ్యాంగం మూడవ అధికరణం దేశద్రోహాన్ని నిర్వచిస్తూ ఆ జంటపదాన్నే స్వీకరించింది. అక్కడ కంఫర్ట్ అంటే శత్రువుకు పరుపు పరచడం కాదు, బలం చేకూర్చడం.

మతభాషలో ఈ మాట మరో మలుపు తిరిగింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదంలో పరిశుద్ధాత్మకు ‘కంఫర్టర్’ అని పేరు. తెలుగు బైబిలులో అది ‘ఆదరణకర్త’ అయింది. నేటి అమెరికా దుకాణంలో కంఫర్టర్ అంటే దూది కూరిన మందపాటి దుప్పటి!

శరీరసుఖమనే అర్థం 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది తొలినాళ్లలో ప్రబలింది. బహువచనంలో ‘కంఫర్ట్స్’ అంటే వసతులు. ‘కోల్డ్ కంఫర్ట్’ అంటే మనసుకు ఆనని ఓదార్పు. ‘కంఫర్ట్ జోన్’లో ఈ మాట పూర్తిగా తలకిందులైంది. ఒకప్పుడు బలాన్నిచ్చిన మాట, ఇప్పుడు మనిషిని కదలనివ్వని అలవాటుకు పేరైంది.

ఈ అర్థాలన్నిటినీ మోయగల ఒకే మాట తెలుగులో లేదు. అది లోటు కాదు. దేహానికి సుఖం, వసతికి సౌకర్యం, అనుభూతికి హాయి, దుఃఖానికి ఓదార్పు, భారం తగ్గితే ఊరట అని తెలుగు వేటికవి విడదీసి చెబుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘ఆశ్వాసన’ మూలంలో శ్వాస ఉంది. అది మళ్లీ ఊపిరి తీసుకోనివ్వడం.

ఇంగ్లీషు మరుగుపరచిన మూలార్థం తెలుగు పలుకుబడిలో సజీవంగా ఉంది. చావు జరిగిన ఇంటికి వెళ్లినవారు ఏం చేస్తారని అడిగితే, తెలుగువారు చెప్పే జవాబు ‘ధైర్యం చెబుతారు’ అనే. స్వదేశంలో అయినవారు పోయినప్పుడు, వెళ్లలేని దూరాన ఉన్న మనిషి ఫోనులో చేయగలిగేదీ అదే. నష్టాన్ని తగ్గించి చూపడం కాదు, దాన్ని మోసే మనిషికి కాస్త బలమివ్వడం. కంఫర్ట్ పుట్టుకలో ఉన్న అర్థమూ సరిగ్గా ఇదే.