ఏమీ కోరని ఉత్తరం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, సముద్రాలకావల అమెరికన్ సైన్యంలో లారీ నడుపుతున్న ఒక యువకుడికి స్వదేశం నుంచి అప్పుడప్పుడు ఉత్తరాలు వస్తుండేవి. వ్రాసేది ఒక యువతి. వారిది చిరకాల స్నేహం కాదు. అతడు యుద్ధానికి బయలుదేరే ముందు స్వల్పకాలం పరిచయం, అంతే. ఆ ఉత్తరాలలో ఘనమైన విషయాలేవీ ఉండేవి కావు. ధైర్యవచనాలూ, ఉపదేశాలూ లేవు. తిరుగు జాబు వ్రాసి తీరాలన్న నిర్బంధమూ లేదు. అయినా వాటిని చదువుకున్న ప్రతిసారీ ఆ సైనికుడికి మనసు తేలికపడేది. ఎక్కడో ఒక మనిషి తనను గుర్తుంచుకున్నదన్న ఆ భావం అతడితో చాలాకాలం నిలిచిపోయింది.

ఆ సైనికుడి పేరు జెరోమ్ మోటో. యుద్ధానంతరం ఆయన వైద్యవిద్య నభ్యసించి, మనోవైద్యుడై, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనారు. ఆత్మహత్యా నివారణను జీవితకాల పరిశోధనగా స్వీకరించారు. 1960 దశకం చివరలో ఆయనను ఒక సమస్య వేధించసాగింది. తీవ్రమైన విషాదంతోగాని, ప్రాణం తీసుకోవాలన్న తలంపుతోగాని ఆస్పత్రిలో చేరినవారు కొద్దిరోజుల్లో కుదుటపడి ఇంటికి వెళతారు. వారిలో అనేకులు మళ్ళీ వైద్యుని ముఖం చూడరు. 'నాకేం ఫరవాలేదు' అంటారు. నిజానికి ఆస్పత్రి విడిచిన తొలివారాలు, తొలినెలలే అత్యంత ప్రమాదకరమైనవని నేడు అనేక దేశాల పరిశోధనలు ధ్రువపరుస్తున్నాయి. వైద్యం నిరాకరించే మనిషికి వైద్యుడేం చేయగలడు? బలవంతంగా ఆస్పత్రికి లాక్కురాలేడు. తలుపు తట్టినా తీయకపోవచ్చు.

అప్పుడు డాక్టర్ మోటోకు ఆ పాత ఉత్తరాలు గుర్తుకువచ్చాయి.

శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని తొమ్మిది మానసిక చికిత్సా విభాగాల నుంచి 3,005 మంది రోగులను ఆయన బృందం ఈ పరిశోధనకు తీసుకున్నది. ఇంటికి వెళ్ళిన నెలరోజులకు వారందరినీ వాకబు చేయగా, తదుపరి చికిత్సను నిరాకరించినవారు, లేదా మధ్యలో మానుకున్నవారు 843 మంది తేలారు. వారిని ఏ పక్షపాతానికీ తావులేకుండా రెండు వర్గాలుగా విభజించారు. 389 మందికి ఉత్తరాలు వెళతాయి. 454 మందికి ఏమీ వెళ్ళదు. రెండవ వర్గాన్ని అలా వదిలివేయడం కఠినంగా తోచవచ్చు. కాని ఒక ఉత్తరం ప్రాణం నిలుపుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి అదొక్కటే మార్గం.

ఆ ఉత్తరంలో ఏమున్నదని పాఠకులకు కుతూహలం కలగడం సహజం. రెండే రెండు వాక్యాలు. 'మీరు మా ఆస్పత్రిలో ఉండి వెళ్ళి కొంతకాలమైంది, కులాసాగా ఉన్నారని తలుస్తాము; ఎప్పుడైనా రెండు ముక్కలు వ్రాయాలనిపిస్తే మాకు సంతోషం' అన్న భావం తప్ప మరేమీ లేదు. మందులు వేసుకుంటున్నారా అన్న ప్రశ్న లేదు. ఫలానా తేదీన వచ్చి కనబడమన్న ఆజ్ఞ లేదు. రోగం ఊసే లేదు. ఆస్పత్రిలో ఆ రోగితో స్వయంగా మాట్లాడిన వ్యక్తి ఎవరో, ఆ వ్యక్తి పేరుతోనే ఉత్తరం వెళ్ళేది. అచ్చువేసిన నమూనా పంపితే దాని గుట్టు ఒక్క క్షణంలో బయటపడుతుంది కనుక, ప్రతిసారీ మాటలు మార్చి విడిగా టైపు చేసేవారు. మొదటి నాలుగు మాసాలూ నెలకొకటి, తరువాత ఎనిమిది మాసాలు రెండు నెలలకొకటి, అటుపై నాలుగేళ్ళు మూడు నెలలకొకటి చొప్పున, ఐదేళ్ళలో మొత్తం 24 ఉత్తరాలు. జవాబు వ్రాసినవారికి మళ్ళీ జవాబు వెళ్ళేది.

ఈ వాక్యాలు చదువుతున్నప్పుడు మన ఇళ్ళలోని పాత కార్డుముక్కలు జ్ఞాపకం రాకమానవు. 'ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమసమాచారాలు తెలుపగలరు, ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టి, ఆపైన వ్రాయడానికి సంగతులు లేక అంతటితోనే ముగిసిన కార్డులు ఎన్ని లేవు! ఆ వరుసలను మనం మొక్కుబడి మాటలుగా తీసిపారేశాము. శాన్ ఫ్రాన్సిస్కో వైద్యులు శాస్త్రీయంగా పరీక్షించినది దాదాపుగా ఆ మాటలనే.

ఉత్తరాలందుకున్నవారు ఎలా స్పందించారు? కొందరు మౌనంగా ఉండిపోయారు. కొందరు కృతజ్ఞతతో వ్రాశారు. తననింకా ఎవరో తలచుకుంటున్నారంటే నమ్మశక్యం కావడం లేదన్నట్లు కొందరు వ్రాశారు. ఒకరైతే, ఇంత మొండివాళ్ళను తానెన్నడూ చూడలేదని తిట్టి, ఇన్నిసార్లు వ్రాశారంటే మీకు నామీద నిజంగానే ఆపేక్ష ఉండి ఉండాలని అదే ఉత్తరంలో ఒప్పుకున్నారు. ఆ తిట్టులో ఉన్నంత నమ్మకం పొగడ్తలో ఉండదని నాకు తోస్తుంది.

తొలి ఫలితాలు 1976లో వెలువడ్డాయి. సంపూర్ణ వివరాలను డాక్టర్ మోటో, గణాంక నిపుణుడు అలెన్ బోస్ట్రమ్‌తో కలిసి 2001లో ప్రచురించారు. మొదటి రెండు సంవత్సరాలలో, ఉత్తరాలందుకున్న వర్గంలో ఆత్మహత్యల నిష్పత్తి రెండవ వర్గంలోని దానిలో ఇంచుమించు సగం మాత్రమే. ఐదేళ్ళ పొడుగునా ఉత్తరాల వర్గమే మెరుగ్గా ఉన్నది కాని, ఉత్తరాల నడుమ ఎడం పెరిగేకొద్దీ రెండు వర్గాల మధ్య తేడా తరుగుతూ వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయిన చాలా ఏళ్ళకు, పధ్నాలుగవ సంవత్సరం నాటికి, ఆ తేడా పూర్తిగా మాసిపోయింది.

ఒక్క పరిశోధనను పట్టుకుని శాస్త్రం తీర్పు చెప్పదు. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ నగరంలో గ్రెగరీ కార్టర్ బృందం, ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రిలో చేరిన 772 మందిని పరిశీలించింది. వారిలో ఒక వర్గానికి ఏడాదిలో ఎనిమిది పోస్టుకార్డులు పంపింది. 2005లో వెలువడిన ఫలితం కాస్త వింతగా ఉన్నది. మళ్ళీ యత్నించిన మనుషుల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు లేదు కాని, యత్నాల మొత్తం సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. ఇరాన్ రాజధాని టెహరాన్‌లో 2,300 మందితో జరిపిన ప్రయోగంలో, కార్డులందుకున్నవారిలో ఆత్మహత్యా చింతనా, యత్నాలూ రెండూ స్పష్టంగా తగ్గాయి. ఆ ఎనిమిది కార్డులకు తోడు, పుట్టినరోజునాడు కూడా ఒక కార్డు వెళ్ళేది. ఇందుకు భిన్నంగా న్యూజీలాండ్‌లో ఇటువంటి కార్డులతో నిశ్చయమైన ప్రయోజనం కనబడలేదు. కనుక ఉత్తరం ఒక దివ్యౌషధమని ఎవరైనా ప్రచారం చేస్తే అది అతిశయోక్తే. చికిత్సకు ఉత్తరం బదులు కాదు. చికిత్స అందని చోటికి అది వెళ్ళగలదు. దాని విలువ అక్కడ ఉన్నది.

మన దేశానికి మరింత దగ్గరైన ఉదాహరణ చెన్నైలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తలపెట్టిన ఒక పరిశోధనలో బ్రెజిల్‌లోని కాంపినాస్, శ్రీలంకలోని కొలంబో, ఇరాన్‌లోని కరాజ్, చైనాలోని యున్‌చెంగ్ నగరాలతోపాటు చెన్నై కూడా పాలుపంచుకున్నది. అక్కడి కృషిలో ప్రముఖపాత్ర వహించిన మనోవైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, 1986లో 'స్నేహ' అనే ఆత్మహత్యా నివారణ సంస్థను స్థాపించినవారు. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రులకు వచ్చిన 1,867 మందిని ఈ ఐదు నగరాలలోనూ రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి అక్కడ మామూలుగా జరిగే వైద్యమే జరిగింది. రెండవ వర్గానికి అదనంగా దొరికినవి రెండు: ఇంటికి వెళ్ళేముందు ఒక గంటసేపు ఏకాంతంగా సంభాషణ, తరువాత పద్దెనిమిది నెలలలో తొమ్మిదిసార్లు పలకరింపు. ఫోను ద్వారానో, ఇంటికి వెళ్ళియో ఆ పలకరింపు జరిగేది. ఆ తొమ్మిదింటిలో ఐదు మొదటి పదకొండు వారాలలోనే ముగిసేటట్లు ఏర్పాటు చేశారు. ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే గదా.

ఫలితాలు 2008లో ప్రకటించారు. పద్దెనిమిది నెలలు ముగిసేసరికి మామూలు వైద్యం పొందిన వర్గంలో పద్దెనిమిదిమంది ఆత్మహత్యకు పాల్పడి మరణించారు. పలకరింపు పొందిన వర్గంలో ఇద్దరు.

ఇది ధనిక దేశపు ఆడంబరమేమీ కాదు. ఖరీదైన యంత్రాలతోగాని, అరుదైన మందులతోగాని దీనికి పనిలేదు. అయినా మన సమాజంలో ఇది అంత తేలికా? ఇంటిలో ఒకరు ఆత్మహత్యాయత్నం చేస్తే మనవారు మొదట చేసే పని ఆ సంగతి బయటికి పొక్కకుండా చూడడం. బంధువులకు 'కడుపునొప్పి' అని చెబుతారు. బ్రతికి వచ్చిన మనిషి ముందు ఆ ప్రస్తావన ఎవరూ తేరు. నలుగురూ ఉన్నా, అడిగేవారు ఒక్కరూ ఉండరు. ఈ మౌనానికి చట్టం కూడా చాలాకాలం కాపలా కాసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ బ్రతికి బయటపడినవారిని నేరస్థులుగా పరిగణించింది. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం వారిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవారుగా భావించాలని నిర్దేశించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనుకు చోటు లేదు. చట్టం మారింది గాని, 'కడుపునొప్పి' మారలేదు.

'ఆ మాట ఎత్తితే లేనిపోని ఆలోచన కల్పించినట్లవుతుందేమో' అన్న భయం చాలామందికి ఉన్నది. అందులో దురుద్దేశమేమీ లేదు. దీనినీ పరీక్షించారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండువేల పైచిలుకు ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆత్మహత్యా చింతన గురించి సూటిగా ప్రశ్నించినందువల్ల విద్యార్థులలో ఆ చింతనగాని, వేదనగాని పెరగలేదని తేలింది. అప్పటికే క్రుంగిపోయి ఉన్న పిల్లలకైతే, అడగడమే కొంత ఊరటనిచ్చినట్లు కనిపించింది.

డాక్టర్ మోటో 2015లో కన్నుమూశారు. ఆయన పద్ధతి ఇప్పుడు సెల్‌ఫోను సందేశాల రూపంలోనూ పరీక్షలకు నిలుస్తున్నది. ఒకే సందేశాన్ని వేలమందికి ఒక్క మీటతో పంపగల ఈ రోజుల్లో, ఆయన టైపు చేయించిన ఉత్తరాలలోని రహస్యం నిలుస్తుందా అన్నది ఇంకా తేలవలసి ఉన్నది. మన ఇళ్ళవరకైతే గోడమీది క్యాలెండరు చాలు. చెన్నైలో పాటించిన గడువులు ఇవి: ఒకటవ వారం, రెండవ వారం, నాలుగవ, ఏడవ, పదకొండవ వారాలు, ఆపైన నాలుగవ, ఆరవ, పన్నెండవ, పద్దెనిమిదవ నెలలు. ఆస్పత్రి నుంచి వచ్చిన బంధువో, మిత్రుడో ఉంటే ఆ తేదీలకు చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోవచ్చు. ఆ పలకరింపులో భయం కలిగించే మాట వినబడితేనో, లేక ఇది చదువుతున్నవారికే ఆ చీకటి అనుభవంలో ఉంటేనో, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు పలుకుతుంది. దానికి రుసుము లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.