చెడిన పరపతిని చక్కఁబెట్టుకొనుట

పూర్వము పరపతి యనఁగా నలుగురి నోటిమాట. నేఁడది 300 మొదలు 900 వఱకుఁ గల యొక యంకె. 2005 సంవత్సరపు చట్టము ననుసరించి సిబిల్ మున్నగు నాలుగు సంస్థలు మన ఋణచరిత్రను వ్రాసి యుంచుచున్నవి. చెఱకు సొమ్ము చేతికందక ఝరాసంగము రైతు వాయిదా తప్పినను, ఆ లెక్కలో మచ్చ పడును. మఱుసటి యప్పు పుట్టుట కష్టమగును.

ముందుగా, ఏఁట నొక్కసారి యుచితముగా లభించు నివేదికను ప్రతి సంస్థనుండియుఁ దెప్పించి చదువుఁడు. మీరు తీర్చినదియో, 2024లో రాష్ట్రప్రభుత్వము మాఫీ చేసినదియో యగు నప్పు బాకీగనే కనఁబడినచో, రసీదులతో ఫిర్యాదు చేయుఁడు. 30 దినములలోఁ బరిష్కరింపనిచో దినమునకు 100 రూపాయల పరిహారము మీకుఁ జెల్లవలెను.

బాకీ నిజమైనచో పూర్తిగఁ దీర్చి, బాకీ లేదను పత్రమును పొందుఁడు. తగ్గించి రాజీపడిన లెక్కకు ఆ గుర్తు నిలిచియుండును. పిదప వాయిదాలు తప్పకున్న, కాలక్రమమున నంకె పెరుగును. సొమ్ము పుచ్చుకొని మచ్చ మాపెదమనువారిని నమ్మకుఁడు.