మా మిద్దె మీది మోత

మాది అరక్కోణం. రైలు కూతకు మేలుకుని, రైలు కూతకే నిద్రపోయే ఊరు. 1992 మార్చిలో నౌకాదళంవారి విమాన స్థావరం ‘ఐఎన్ఎస్ రాజాళి’ ఇక్కడ వెలిశాక, ఆ కూతకు హెలికాప్టర్ మోత తోడైంది. మిద్దె మీద వడియాలు పెట్టుకునే మా ఆవిడ దాన్ని తిట్టని రోజు లేదు.

నాకు మాత్రం అదొక వేడుక. నౌకాదళ హెలికాప్టర్ పైలట్ల శిక్షణ పాఠశాల ఇక్కడే ఉంది. దశాబ్దాలుగా ఎందరో కుర్రవాళ్ళు చెయ్యి తిప్పుకున్నది ‘చేతక్’ మీదనే. ఫ్రెంచివారి అలూయెట్ నమూనాను 1960ల నుంచి బెంగళూరు హెచ్.ఎ.ఎల్.లో తయారుచేశారు. ఒకటే ఇంజను, పైన మూడు రెక్కలు, నడిపేవారితో కలిపి ఏడుగురికి చోటు.

మనిషి చిన్నవాడైనా పనులు పెద్దవి అన్నట్టుంటుంది దీని సంగతి. విమానవాహక నౌక నుంచి యుద్ధవిమానాలు లేవకముందే ఇది లేచి, పక్కనే గాలిలో కాచుకుని ఉంటుంది. ఎవరైనా సముద్రంలో పడితే తాడు దించి పైకి లాగాలి కదా! అన్నీ క్షేమంగా దిగాకే ఇది దిగుతుంది. పెళ్ళిలో బంధువులందరి భోజనాలూ అయ్యాక విస్తరి ముందు కూర్చునే ఇంటి పెద్దలాగా అన్నమాట. ఓడలో జబ్బుపడిన వారిని ఒడ్డుకు చేర్చేదీ ఇదే. జలాంతర్గామిని వెదికే చెవులు దీనికి లేవు. ఓడలోని సోనార్ జాడ చెబితే, టార్పెడో మోసుకెళ్ళి అక్కడ జారవిడుస్తుంది.

1971లో వచ్చిన ‘సీ కింగ్’ అలా కాదు. తానే సోనార్‌ను తీగతో నీళ్ళలోకి దించి వినగలదు. 2020లో అమెరికా నుంచి 24 ‘ఎంహెచ్-60ఆర్’ల కొనుగోలుకు మనవారు ఒప్పందం చేసుకున్నారు. వాటి మొదటి స్క్వాడ్రన్ 2024 మార్చి 6న కొచ్చిలో మొదలైంది. వెదకడం, కొట్టడం, కాపాడడం అన్నీ ఒకే యంత్రంతో!

ఇదంతా మా మనుమరాలికి కథలుగా చెప్పింది నేనే. డిగ్రీ చివరి ఏడు చదువుతున్న ఆ పిల్ల మొన్న నౌకాదళం దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టింది. 2020లో కుముదిని త్యాగి, రీతి సింగ్ అనే ఇద్దరు మహిళా అధికారులు యుద్ధనౌకల హెలికాప్టర్లలో పనిచేయడానికి ఎంపికయ్యారని చెప్పిందీ నేనే మరి.

“ఆ ఒక్క ఇంజనూ ఆగిపోతే?” అంది మా ఆవిడ.

“రెక్కలు ఆగవు అవ్వా. కిందికి దిగుతుంటే ఎదురొచ్చే గాలికే తిరుగుతాయి. అలా దించడం కూడా నేర్పుతారు” అంది పిల్ల.

అవ్వ నావైపు చూసింది. అబద్ధం చెప్పలేకపోయాను. 2023 నవంబరులో కొచ్చి స్థావరంలో చేతక్ ప్రమాదంలో ఒక నావికుడు చనిపోయాడన్నాను. 2018 ఆగస్టు వరదల్లో కేరళలో ఒక నిండు చూలాలిని నౌకాదళ హెలికాప్టరే తాడుతో పైకి తీసిందనీ, ఆ రోజే ఆమెకు కొడుకు పుట్టాడనీ కూడా చెప్పాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ సరిగా నిద్రపోలేదు.

మర్నాడు మిద్దె మీద మోత వినిపించింది. తిట్లు వినిపించలేదు. పైకి వెళ్ళి చూశాను. మా ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది.

“ఏమండీ, ఇది ఒక ఇంజనుదా, రెండుదా?” అంది.