అసలు కోడి ఏది?

పొలానికి విత్తనం కొనేటప్పుడు రకం అడుగుతాం. పెరట్లోకి కోడిని తెచ్చేటప్పుడు మాత్రం రంగు చూసి సరిపెట్టుకుంటాం. కానీ జాతికోడిని గుర్తుపట్టడానికీ కొన్ని లెక్కలున్నాయి. అవి తెలియకపోతే మన పెరట్లోంచి జాతే మాయమైపోతుంది!

శ్రీ సత్యసాయి జిల్లా గాండ్లపెంట వైపు తొలకరి పడితే రైతులు ముందుగా మాట్లాడుకునేది విత్తనం గురించే. కదిరి-6, కదిరి లేపాక్షి... దగ్గర్లోని కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన వేరుసెనగ రకాల పేర్లు ఇక్కడి ఇళ్లలో తరచూ వినిపించేవే. కాయ ఒలిచి, గింజ చూసి, బెరుకులు ఉంటే విత్తనానికి పనికిరావని పక్కన పెట్టేస్తారు. అదే రైతుని ఇంటిముందు గంప కింద ఉన్న కోడి ఏ జాతి అని అడిగితే జవాబు ఒక్కటే... 'నాటుకోడి'!

ఆ ఒక్క మాటలో చాలా జాతులే కలిసిపోయాయి. దేశంలోని పశుపక్ష్యాదుల జాతుల్ని గుర్తించి నమోదు చేసే జాతీయ పశు జన్యు వనరుల సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. దాని జాబితాకెక్కిన కోళ్లలో ఆంధ్రప్రదేశ్ పేరుతో ముడిపడినవి నాలుగు. అందరికీ తెలిసిన అసిల్, ఉత్తరాంధ్ర పల్లెల్లోని డంకి, చిత్తూరు వైపు కాళాస్తి, ఇటు ఆంధ్రలోనూ అటు కర్ణాటకలోనూ కనిపించే ఘాగస్.

పేరులోనే 'అసలు'
మనం పందెంకోడి అనే అసిల్‌కి ఆ పేరు అరబ్బీ మాట నుంచి వచ్చింది. మంచి పుట్టుక కలది, స్వచ్ఛమైనది అని అర్థం. మనం రోజూ వాడే 'అసలు' అనే మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. అంటే అసిల్ కోడి అంటే 'అసలు కోడి' అన్నమాట!

దాన్ని గుర్తుపట్టడం ఎలా? మొహం పొడుగ్గా, సన్నగా, ఈకలు లేకుండా ఉండాలి. మెడ పొడుగ్గా, పైనుంచి కిందిదాకా ఒకే లావుతో ఉండాలి. రొమ్ము విశాలంగా, వీపు నిటారుగా, కాళ్లు బలంగా ఎడంగా ఉండాలి. ఈకలు తక్కువ. అవీ ఒంటికి అంటుకుపోయినట్లు గట్టిగా ఉంటాయి. తోక చిన్నది, కిందికి వాలి ఉంటుంది. దవడల కింద వేలాడే ఎర్రటి తోలు దాదాపు కనిపించదు. నెత్తిమీద తురాయి రంపం పళ్లలా నిలబడకుండా, బఠాణీ గింజలు మూడు వరుసలుగా పేర్చినట్లు నెత్తికి అణిగి ఉంటుంది. ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడునాలుగు కిలోలు తూగుతాయి.

ఇందులో రంగు ప్రస్తావనే లేదు, గమనించారా! మన కుక్కుట శాస్త్రంలో కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, మైల, పర్ల... అంటూ లెక్క మొదలయ్యేదే రంగుతో. ఏ వారం ఏ రంగు గెలుస్తుందో, ఏ దిక్కున వదలాలో చెబుతుందది. జాతి ప్రమాణాలు చూసేది వేరు. అసిల్ విషయంలో ముందు ఒడ్డూపొడుగూ, ఎముకా, ఈకా. రంగు ఆ తర్వాతే.

మార్కులు ఎలా వేస్తారు?
కోళ్ల ప్రదర్శనల్లో న్యాయనిర్ణేత వచ్చీరాగానే కోడిని పట్టుకోడు. కాస్త దూరంగా నిలబడి అది నిలుచున్న తీరు చూస్తాడు. కోడి బెదిరితే ఒళ్లు ముడుచుకుంటుంది, అసలు ఆకారం కనిపించదు. ఆ తర్వాత చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక వేళ్లతో తడిమి చూస్తాడు. వంకర ఉంటే లోపమే. కాలివేళ్లు తిన్నగా ఉన్నాయా, రెక్క విప్పితే ఈకలు వరుసగా ఉన్నాయా, ఈకల కింద పేలు ఉన్నాయా... అన్నీ చూస్తాడు. తలకిన్ని, ఒంటికిన్ని, కాళ్లకిన్ని అని మొత్తం నూరు మార్కులు పంచి పెట్టుకోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతి.

ఈ పద్ధతి పుట్టిన తీరు ఆసక్తికరం. ఇంగ్లండులో 1835లో చట్టం తెచ్చి కోడిపందేల్ని నిషేధించారు. కోళ్లమీద మోజు మాత్రం పోలేదు. 1845లో లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ల పోటీ పెట్టారు. 1865లో జాతి ప్రమాణాలు పుస్తకంగా వచ్చాయి. అమెరికాలో 1874లో అలాంటి పుస్తకమే వెలువడింది. అలా బరిలో తేలాల్సిన గొప్పదనం బల్లమీద తేలడం మొదలైంది.

మన అసిల్ కూడా అక్కడికి వెళ్లింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో దాన్ని స్థానిక కోళ్లతో కలిపి 'కార్నిష్' జాతిని తయారుచేశారు. ఇప్పుడు మనం కిలోల్లెక్కన కొనే బ్రాయిలర్ కోడికి ఆ వెడల్పాటి రొమ్ము కార్నిష్ నుంచి వచ్చిందే. చికెన్ కొట్టులోని కోడిలోనూ కాస్త అసిల్ రక్తం ఉందన్నమాట!

దాక్కున్న రక్తం
కంటికి కనిపించేది మొత్తం నిజం కాదు. బఠాణీ తురాయి కోడిని రంపం తురాయి కోడితో కలిపితే పుట్టే పిల్లలు కొంచెం తేడాగానైనా బఠాణీ తురాయితోనే కనిపిస్తాయి. చూసినవాళ్లు జాతికోడి అనే అనుకుంటారు. ఆ పిల్లల్నే మళ్లీ ఒకదానితో ఒకటి కలిపితే సగటున నాలుగింట ఒకటి రంపం తురాయితో పుడుతుంది. తాత చేసిన పని మనవడి నెత్తిన బయటపడిందన్నమాట. అందుకే తెలిసినవాళ్లు పుంజునొక్కదాన్నే చూసి డబ్బివ్వరు. తల్లినీ, తండ్రినీ, తోబుట్టువుల్నీ చూపించమంటారు.

కోళ్లు కట్టేవారికి ఇంకో చిక్కూ ఉంది. బెరుకు రాకూడదని ఒకే తల్లి పిల్లల్ని వాటిలో వాటికే కలుపుతూ పోతే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నీరసిస్తాయి. కాబట్టి అదే జాతి పుంజుని వేరే మంద నుంచి తెచ్చుకోవాలి. ఏ గుడ్డు ఏ పెట్టదో, ఏ పిల్ల ఎవరిదో గుర్తులు పెట్టి రాసుకోవాలి. పుట్టిన ప్రతి పిల్లనీ జాతికి ఉంచుకోకూడదు. బాగున్నవి నిలుపుకొని మిగతావి కూరకో, అమ్మకానికో పంపేయాలి. వేరుసెనగలో బెరుకులు ఏరినట్లే!

పరీక్ష లేని పెట్ట
ఇంతకాలం ఈ జాతిని నిలబెట్టింది పందెమే అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. గెలిచిన పుంజు వంశాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటారు. కానీ పందెం చట్టవిరుద్ధం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి జూద నిరోధక చట్టం రెండూ దాన్ని ఒప్పుకోవు. పైగా బరిలో పరీక్ష పుంజుకే. పెట్టకి ఏ పరీక్షా లేదు, ఏ మార్కులూ లేవు. పల్లెల్లో ఇంటికి ఆసరా అయ్యేది మాత్రం ఆ పెట్టే.

నాటుపెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది. కానీ ఇరవై ఒక్క రోజులు కదలకుండా పొదిగి, పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, గద్ద వస్తే ఎదురు తిరుగుతుంది. కరెంటుతో, యంత్రంతో పనిలేకుండా మంద పెరుగుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు పెరట్లోనే ఎక్కువ గుడ్లు పెట్టి ఎన్నో కుటుంబాలకి మేలు చేశాయి. అయితే అవి పొదగవు. ప్రతిసారీ పిల్లల్ని బయట కొనుక్కోవాల్సిందే. ఆ పుంజుల్ని నాటుపెట్టలతో కలిసి వదిలేస్తే తరాలు గడిచేకొద్దీ పొదిగే గుణం పలచబడుతుంది. అప్పుడు గుడ్లూ పూర్తిగా పెరగవు, పొదుగూ ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి!

అదే పరిశోధన సంస్థ అసిల్, ఘాగస్ జాతుల్ని వేరు మందలుగా కాపాడుతోంది. కానీ ఒక్క సంస్థ షెడ్డులో జాతి బతికితే సరిపోదు. ఆ కోడి పుట్టింది ఎండకీ, ముళ్లకంపలకీ, పెంటకుప్పల మీద ఏరుకు తినడానికీ. అక్కడా అది బతకాలి.

కోడి కొనేముందు...
* ఆరోగ్యంగా, చురుగ్గా ఉందో లేదో ముందు చూడండి.
* తురాయి, కాళ్లు, ఈకల బిగువు చూశాకే రంగు సంగతి.
* రొమ్ము ఎముక, కాలివేళ్లు తడిమి చూడండి. వంకరలుంటే జాతి కట్టడానికి వద్దు.
* తల్లీతండ్రుల్ని చూపించమని అడగండి.
* పెట్ట అయితే పొదుగుతుందా, పిల్లల్ని సాకుతుందా అన్నది తప్పక కనుక్కోండి.
* కొత్తగా తెచ్చినదాన్ని వెంటనే మందలో కలపకండి. కొన్నాళ్లు విడిగా ఉంచి, టీకాల గురించి పశువైద్యుణ్ని అడగండి.

పుంజు మెడలో దండ వేసి ఫొటో దిగేవాళ్లకి కొదవ లేదు. పెట్టకీ ఓ నూరు మార్కుల పరీక్ష పెట్టి, అందులో నెగ్గినదాని గుడ్లనే పొదుగు వేసే ఇల్లు ఊరికొకటి ఉంటే చాలు... అసలు కోడి ఎక్కడికీ పోదు!