బ్యాటు పట్టు బాలికకు పాట

క్రికెట్టు నెఱుగని యిల్లు మనలో లేదు. దానికి దూరపు చుట్టమగు బేస్‌బాల్ అమెరికా వారి యాట. సాఫ్ట్‌బాల్ అనునది దాని చెల్లెలు. 1887వ సంవత్సరమున చికాగో నగరమున పుట్టినది. అచ్చటి బాలికలు దీనినే మిక్కిలిగా నాడుదురు. ఆడువారు వరుసగా బ్యాటు పట్టుదురు. వరుస ముగిసిన వెనుక మరల మొదటి యామె వంతు వచ్చును. కావున నొక్కొక్క బాలిక యొక్క యాటలోనే రెండు మూడు మారులు, అందఱి కన్నులును తన మీద నుండగా, ఒంటిగా నడచి పోవలెను. పెండ్లికూతురు పందిటిలోనికి వచ్చునపుడు సన్నాయి మ్రోగినట్లు, ఈ నడకకును అచ్చట నొక పాట మ్రోగును.

ఈ వేడుకకు దారి తీసినవారిలో స్త్రీలు కలరని మన సోదరీమణు లెఱుగుట మంచిది. 1942లో గ్లాడిస్ గుడింగ్ అను నామె బ్రూక్లిన్ క్రీడాస్థలమున ఆర్గను వాయింప నారంభించెను. చికాగో వైట్ సాక్స్ జట్టునకు 1970 నుండి 2010 వరకు నాన్సీ ఫౌస్ట్ అను నామె వాయించెను. ఆటగాని పేరునకో, స్వస్థలమునకో సరిపడు పాట నెన్నుటలో నామె మిగుల నేర్పరి.

పిల్లల యాటలలో ఆర్గను లేదు. ఒక తల్లి చేత ఫోను, ప్రక్కను స్పీకరు, ఒడిలో పేర్ల పట్టిక, అంతియే. పాటకు పది పదునైదు సెకనులే కాలము గనుక మొదటినుండి వినిపించిన పల్లవి రాకమున్నే నడక ముగియును. మంచి పట్టున్న చోటు ముందుగనే గుర్తించి యుంచవలెను. బ్యాటు పట్టు వరుస మాఱినచో పట్టికయు మార్పవలెను. లేనిచో నొకతె పాటకు వేఱొకతె నడచును, తోడిపిల్లలు కడుపుబ్బ నవ్వుదురు.

ఎవరి పాటను ఎవ రెన్నవలెను? తండ్రులు తమ యౌవనకాలపు పాటలను కూఁతుండ్రకు తగిలింప జూచుట కలదు. మా మతమున ఎన్నిక బాలికదే. అసభ్యపు మాటలున్న భాగమును తొలఁగించుట మాత్రము పెద్దల పని. పాటయే వలదను సిగ్గరి పిల్లయు నుండును. ఆమె నడుచునపుడు స్పీకరు నూరకుంచవలెను. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. బంతిని తాఁకలేక వెనుకటి మారు కన్నీటితో మరలిన పిల్లకు ఈ మారు పాట తగ్గింపఁగూడదు. జట్టులో మేటికి మ్రోగినంత సేపును, అంత గట్టిగను, ఆమెకును మ్రోగవలెను. బంతి విసరునామె సిద్ధము కాఁగానే చప్పున నాపవలెను.