మానవాకృతి చిత్రణలో ఆధారచిత్రాల వినియోగం: బ్రహ్మసూత్రం నుండి సెల్‌ఫోను వరకు

వ్యాససంగ్రహం: మనిషి బొమ్మ గీయడం నేర్చుకొనేవారు ఈనాడు ఎక్కువగా ఛాయాచిత్రాలపై ఆధారపడుతున్నారు. ఆధారచిత్రాన్ని చూసి దించడం వేరు, దాని నుండి నేర్చుకోవడం వేరు. ఈ భేదాన్ని 'మానసోల్లాసం', 'విష్ణుధర్మోత్తర పురాణం' అందించిన పరిభాష సాయంతో, హైదరాబాదు కళాబోధన నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆధారచిత్రం, విద్ధచిత్రం, అవిద్ధచిత్రం, బ్రహ్మసూత్రం, తాలమానం, జ్ఞాపకచిత్రణ.

1. ప్రవేశిక

పోతన భాగవతం దశమస్కంధంలో ఉషాకన్య కలలో చూసిన యువకుడెవరో తెలుసుకోవడానికి ఆమె చెలికత్తె చిత్రరేఖ దేవ, గంధర్వ, మానవ కుమారుల రూపాలను పటం మీద వ్రాసి చూపుతుంది. వారిలో అనిరుద్ధుణ్ణి ఉష పోల్చుకొంటుంది. సాహిత్య విద్యార్థులు ఈ ఘట్టాన్ని కథాసంవిధానంలో భాగంగా చదువుతారు. బొమ్మలు గీసేవారు వేసే ప్రశ్న వేరు: ఎదుట లేని మనిషిని పోలిక చెడకుండా గీసే శక్తి ఎక్కడి నుండి వస్తుంది? చిత్రరేఖకు యోగశక్తి ఉంది. తక్కినవారికి అభ్యాసమే గతి.

ఈ ప్రశ్న హైదరాబాదులోని మాసబ్ ట్యాంక్‌లో ఏటా ఆచరణలో ఎదురవుతుంది. 1940లో మొదలైన ప్రభుత్వ కళాపాఠశాల పరంపరకు వారసురాలైన లలితకళల కళాశాల, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఇక్కడే ఉంది. దాని ప్రవేశపరీక్షలో జ్ఞాపకచిత్రణకు స్థానముంది. ఫోను తెర మీది బొమ్మను వెంట్రుక వాసి తేడా లేకుండా దించగల అభ్యర్థికి, బస్సు కోసం ఎదురుచూసే నలుగురు మనుషుల్ని ఊహించి గీయమంటే చేయి ఆగిపోవచ్చు. ఏళ్ల తరబడి చేసిన సాధన అక్కరకు రాకపోవడానికి కారణం సాధన తక్కువ కావడం కాదు, అది సాగిన తీరు.

2. విద్ధం, అవిద్ధం

కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసం' చిత్రాలలో విద్ధం, అవిద్ధం అనే భేదాలను చెప్పింది. అద్దంలో ప్రతిబింబంలా వస్తువుతో సాదృశ్యం కలిగినది విద్ధం. అనుకొన్నదే తడవుగా, ఆకారస్ఫూర్తి మాత్రం కలిగేలా గీసినది అవిద్ధం. సోమేశ్వరుని రాజధాని కల్యాణి, నేటి బసవకల్యాణం, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఈ పరిభాష పరాయిది కాదనడానికి ఇది చెప్పవలసి వచ్చింది.

ఈ రెండూ రెండు వేర్వేరు దారులని సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. అభ్యాసదృష్టితో చూస్తే మొదటిది రెండవదానికి మెట్టు. విద్ధంలో చూసి తెలుసుకొన్నదే అవిద్ధంలో చూడకుండా పలుకుతుంది. ఆధారచిత్రం ఈ మెట్టుగా పనిచేస్తున్నదా, లేక అక్కడే నిలబెట్టేస్తున్నదా అన్నదే విచారించవలసిన విషయం.

అజంతా ఉదంతం ఇందుకు ఉపకరిస్తుంది. నిజాం రాజ్యంలో ఉన్న ఆ గుహల కుడ్యచిత్రాలకు 1909–11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హాం ఆధ్వర్యంలో ప్రతులు తీశారు. ఆ బృందంలో నందలాల్ బోస్‌తోపాటు హైదరాబాదు నుండి వెళ్లిన సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ ఉన్నారు. ప్రతి తీయడం అక్షరాలా దించే పనే. అయినా నందలాల్ తరువాతి రచనల్లో కనిపించేది అజంతా బొమ్మ కాదు, అజంతా రేఖ. ఆయన వద్ద శాంతినికేతన్‌లో చదివిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదు కళాశాలకు తిరిగివచ్చి అధ్యాపకులయ్యారు.

3. బ్రహ్మసూత్రంతో ఛాయాచిత్రాన్ని చదవడం

ఆధారచిత్రం ఎదుట పెట్టుకొన్న విద్యార్థి మొదట అంచులు గీస్తాడు. నుదురు, ముక్కు, భుజం, మోచేయి అలా దిగుతూ వస్తాడు. పాదాల దగ్గరకు వచ్చేసరికి కాగితం చాలదు, లేదా మనిషి పక్కకు ఒరుగుతాడు. అంచు ఫలితమే కాని కారణం కాదు. లోపల ఎముకల గూడు ఎటు తిరిగింది, బరువు ఏ కాలిపై ఉంది అన్నవాటిని బట్టి అంచు మారుతుంది.

దీనికి మన శాస్త్రం ఇచ్చిన పనిముట్టు బ్రహ్మసూత్రం. నడినెత్తి నుండి పాదాల వరకు నిలువుగా దిగే మధ్యరేఖ అది. దానికి ఇరువైపులా పక్షసూత్రాలుంటాయి. మనిషి నేరుగా నిలిచిన ఋజుస్థానంలో ఆ రెండు దూరాలూ సమానం. మనిషి పక్కకు తిరిగేకొద్దీ ఒకవైపు దూరం తగ్గుతూ, రెండోవైపు పెరుగుతూ పోతుంది. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం ఇలాంటి స్థానాలను తొమ్మిదిగా చెప్పి, అంగాలు కుదించుకొనే, పెరిగే తీరును క్షయవృద్ధులన్నది.

ఏ ఛాయాచిత్రానికైనా ఈ పద్ధతి వర్తిస్తుంది. ముఖంలో ముక్కు మీదుగా, ఛాతీపై ఎదురురొమ్ము ఎముక మీదుగా, పొట్టపై బొడ్డు మీదుగా మధ్యరేఖ గుర్తించి, ఇరువైపులా ఎంతెంత కనబడుతున్నదో కొలవాలి. తల ఒక స్థానంలో, ఛాతీ మరొక స్థానంలో ఉన్నాయని తేలడం తరచు జరిగేదే. ఆ తేడాయే భంగిమకు ప్రాణం. త్రిభంగంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. బరువు మోసే కాలివైపు కటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది, కంఠం గుంట నుండి దించిన లంబరేఖ ఆ పాదం మీదికి వస్తుంది. ఈ మూడూ సరిపోతే ముఖం గీయకపోయినా మనిషి నిలబడతాడు.

కొలతల విషయంలో ఒక గందరగోళాన్ని తొలగించాలి. చిత్రసూత్రంలో హంసపురుషుడు 108 అంగుళాలు, అనగా 12 అంగుళాల తాలం చొప్పున నవతాలం. 1943లో వెలువడిన ఆండ్రూ లూమిస్ ఆకృతిచిత్రణ గ్రంథం ఆదర్శపురుషునికి ఎనిమిది తలల ఎత్తు చెప్పింది. సామాన్య మానవుడు సుమారు ఏడున్నర తలలు. వీటిని పక్కపక్కన పెట్టి మనవాళ్లు పొడుగువారని తేల్చడం పొరపాటు. తాలం ముఖం పొడవు, రెండోది నడినెత్తితో కూడిన తల పొడవు. ఏకమానం ఒకటి కాదు.

4. కెమెరా చేసే మార్పులు

ఛాయాచిత్రం కంటికి అందనిది కూడా చూపుతుంది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ నేల విడిచేది అవి చాచుకొన్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకొన్నప్పుడని 1878లో మయిబ్రిడ్జ్ ఛాయాచిత్రాలు రుజువు చేశాయి. 1887 నాటి ఆయన సంపుటంలో నడిచే, మెట్లెక్కే, కుండ మోసే మనుషుల చలనాలు కూడా ఉన్నాయి. అది ఇప్పటికీ మంచి ఆధారమే.

కాని కెమెరా తటస్థసాక్షి కాదు. దగ్గరగా పట్టిన ఫోనులో ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. కిందినుండి తీస్తే కాళ్లు సాగి తల చిన్నదవుతుంది. 1213 నాటి రామప్ప ఆలయంలోని మదనికలను ఉదాహరణగా తీసుకోవచ్చు. చూరు కింద ఏటవాలుగా నిలిపిన ఆ విగ్రహాలను నేల మీద నుండి ఫొటో తీస్తే, ఆ సన్నని నిడుపైన దేహాల్లో శిల్పి చేసినదెంతో, కెమెరా చేసినదెంతో ఒక్క బొమ్మ చూసి విడదీయలేం. ఎదురుగా వెళ్లి చూడటమో, వేర్వేరు కోణాల్లో తీసిన మూడు నాలుగు ఛాయాచిత్రాలను పోల్చడమో తప్పదు. సొంతంగా ఆధారచిత్రం తీసుకొనేవారు మనిషి ఎత్తుకు రెండు మూడు రెట్ల దూరంలో, నడుము ఎత్తున ఫోను పట్టుకొంటే వక్రీకరణ చాలావరకు తగ్గుతుంది.

5. చూసి, మూసి, గీయడం

పెన్సిలు పట్టకుండా ఒక నిమిషం చూడాలి. బరువు ఎక్కడుంది? మధ్యరేఖ ఎటు వంగింది? తరువాత రెండు నిమిషాల్లో ఆ జవాబులను మాత్రమే గీయాలి. ఆపైన ఆధారచిత్రాన్ని మూసి, మరో కాగితంపై అదే భంగిమను జ్ఞాపకం నుండి వేయాలి. తిరిగి తెరిచి, తప్పిన చోట్లు వేరే రంగుతో దిద్దాలి. ఎర్రగీతలు పడిన చోటే పాఠం ఉంటుంది. మరునాడు అదే మనిషిని వెనుకనుండి, చిత్రసూత్రం మాటలో పృష్ఠాగతంగా గీయాలి. ఆ వైపు ఛాయాచిత్రం మన దగ్గర లేదు కనుక దించడానికి వీలులేదు, తెలిసి గీయవలసిందే. ఈ కడపటి మెట్టు వదిలేస్తే ముందు చేసినదంతా నకలు దగ్గరే ఆగుతుంది.

6. దొరకని ఆధారాలు

అంతర్జాలంలో సులభంగా దొరికే ఆధారచిత్రాల్లో వ్యాయామశాల దేహాలు, పాశ్చాత్య దుస్తులు ఎక్కువ. తోట వైకుంఠం చిత్రాల్లోని నల్లని ఛాయ, పెద్ద బొట్టు, నిండు చీర గల తెలంగాణ స్త్రీ, లక్ష్మాగౌడ్ గీసిన పల్లె మనుషులు అక్కడినుండి వచ్చినవారు కారు. వీరిద్దరూ హైదరాబాదు కళాశాలలో, ఆపైన బరోడాలో చదివారు. అయినా ఆకృతులకు మూలం కరీంనగర్, మెదక్ పల్లెల్లో పెరుగుతూ చూసిన మనుషులే.

ఒక్క భంగిమను చూద్దాం. గొంతుకూర్చోవడం మనకు అతి సామాన్యం, శరీరనిర్మాణ పాఠ్యగ్రంథాల్లో మాత్రం అరుదు. మాసబ్ ట్యాంక్‌కు దగ్గరలోని మెహిదీపట్నం రైతుబజారులో అడిగి, ఒప్పుకొన్నవారిని గమనించవచ్చు. మడమలు నేలకు ఆని ఉంటాయా, లేస్తాయా? మోకాళ్లు భుజాలకు ఎంత దూరం? చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య లాగి ఉన్నప్పుడు మడతలు ఎక్కడ మొదలై ఎక్కడ అణగుతాయి? తక్కెడ కోసం చేయి చాచినప్పుడు బరువు ఏ పాదం మీదికి మారుతుంది? ముందునుండి, పక్కనుండి, వెనుకనుండి మూడు ఛాయాచిత్రాలు, వాటితోపాటు అక్కడికక్కడే వేసిన అయిదారు గీతల బొమ్మలు ఉంటే, ఏ గ్రంథంలోనూ లేని ఆధారం ఆ విద్యార్థి చేతిలో ఉన్నట్లే.