బండల హాలులో సరౌండ్ సౌండ్

ఫైవ్ పాయింట్ వన్ అంటే ముందు మూడు స్పీకర్లు, పక్కల రెండు, బేస్ కోసం ఒక సబ్ వూఫర్. వీటి స్థానాలన్నీ కూర్చునే చోటును బట్టి తేలతాయి. చూసేవాళ్ల తల నుంచి తెర మధ్యకు ఒక గీత ఊహించుకుని, కోణాలు ఆ గీత నుంచి కొలుస్తారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ప్రకారం ముందరి ఎడమ, కుడి స్పీకర్లు చెరో 30 డిగ్రీల్లో ఉండాలి. పక్క స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే భుజాలకు కాస్త వెనగ్గా రావాలి. కోణమానిని అక్కర్లేదు, టేపు చాలు. ముందరి స్పీకర్ల మధ్య 8 అడుగుల ఎడం ఉండి, ఒక్కోదాని నుంచి సోఫాకు కూడా 8 అడుగులే ఉంటే 30 డిగ్రీలు వాటంతటవే కుదురుతాయి.

అనంతపురం జిల్లా తాడిపత్రి ఇళ్లలో పని ఇంతటితో అయిపోదు. చుట్టుపక్కల గనుల్లో తీసి, ఊళ్లోని ఫ్యాక్టరీల్లో పాలిష్ పట్టిన బండలే అక్కడ చాలా ఇళ్లకు నేల. అనంతపురం ఎండల్లో కాళ్లకు అంత హాయి మరొకటి లేదు గానీ, శబ్దానికి ఆ నునుపే చిక్కు. పాలిష్ రాయి తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పీల్చుకోదు. సిమెంటు గోడలు, శ్లాబు కూడా దాదాపు అంతే. సామాను సర్దని హాలు మధ్య నిలబడి ఒక్క చప్పట కొడితే, ఎదురెదురు గోడల మధ్య అది టరటరమంటూ కాసేపు తిరుగుతుంది. సినిమాలో మాటలు అలికినట్టు వినిపించడానికి చాలాసార్లు కారణం అదే. జనం మాత్రం స్పీకర్‌ను తిట్టుకుంటారు.

నేల సంగతి లెక్కేసి చూడవచ్చు. స్పీకర్ 3 అడుగుల ఎత్తున, చెవి కూడా అదే ఎత్తున, రెంటి మధ్య దూరం 8 అడుగులు అనుకుంటే, నేరుగా వచ్చే శబ్దం 8 అడుగులు నడుస్తుంది. నేలకు తగిలి లేచేది సరిగ్గా మధ్యలో, 4 అడుగుల దగ్గర తగిలి, మొత్తం 10 అడుగులు నడుస్తుంది. ఆ 2 అడుగుల తేడాకు రెండో శబ్దం సెకనులో వెయ్యోవంతుకు రెండింతల లోపు ఆలస్యంగా చేరుతుంది. విడిగా ప్రతిధ్వనిలా వినిపించదు, మొదటిదానిలో కలిసిపోయి గొంతు రంగు మారుస్తుంది. అందుకే జంపఖానా పరవాల్సింది సోఫా కాళ్ల కింద కన్నా, సోఫాకూ స్పీకర్లకూ నడుమ. కింద ఒక బొంత వేస్తే మరీ మంచిది. పక్క గోడల మీద శబ్దం తగిలే చోటు పట్టుకోవడం ఇంకా తేలిక. ఒకరు సోఫాలో కూర్చుంటే మరొకరు గోడ వెంబడి అద్దం జరపాలి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ మందపాటి పరదా గానీ, నిండుగా పుస్తకాలున్న అలమార గానీ పెడితే సరి.

సెంటర్ స్పీకర్‌ను తక్కువ చేయకూడదు. మాటల్లో ఎక్కువ భాగం వచ్చేది దాని నుంచే. కిటికీలో కూలర్ హోరెత్తే వేసవిలో దాని విలువ తెలుస్తుంది. టీవీ కిందే పెట్టాల్సి వస్తే, ముఖం చెవుల వైపు కొంచెం పైకి వాల్చాలి. టీవీ స్టాండ్ అరలోకి లోపలికంటా తోస్తే గొంతు డొల్లగా మారుతుంది.

పక్క స్పీకర్లు చెవికి అడుగు, రెండడుగుల పైన ఉంటే చాలు. పైకప్పు మూలల్లో బిగించే అలవాటు చాలాచోట్ల ఉంది. చూపుకు బాగుంటుంది, వినడానికి ఉండదు. సోఫా వెనక గోడకు ఆని ఉంటే స్పీకర్లకు వెనక చోటే మిగలదు. సోఫాను రెండు మూడడుగులు ముందుకు జరపడం మేలు. హాలులో నడిచే దారి పోతుందని ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే, స్పీకర్లను 90 డిగ్రీల్లో సరిగ్గా పక్కనే బిగించవచ్చు.

బేస్ దగ్గర జంపఖానాలు పనిచేయవు. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలబడిపోయి, ఒకచోట దడదడలాడుతుంది, మరోచోట మాయమవుతుంది. సబ్ వూఫర్‌ను మూలకు నెడితే మోత పెరుగుతుంది, దానితోపాటు ఈ హెచ్చుతగ్గులూ పెరుగుతాయి. మంచి చోటు వెతకడానికి ఒక తమాషా పద్ధతుంది. సబ్ వూఫర్‌ను సోఫా మీదకెక్కించి, బేస్ ఉన్న పాట పెట్టి, తల నేలకు దగ్గరగా వంచి గది చుట్టూ పాకాలి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే దాని చోటు అక్కడే.

తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకు వచ్చింది. 2015 నాటి ‘బాహుబలి’ శబ్దమిశ్రమం అందులోనే జరిగింది. ఇంట్లో దానికి పైకప్పు స్పీకర్లు గానీ, పైకి శబ్దం విసిరేవి గానీ కావాలి. శబ్దాన్ని కప్పు నుంచి కిందికి దింపే ఈ రెండో రకానికి చదునైన శ్లాబు బాగా కుదురుతుంది. దూలాలు కనిపించే పాత మిద్దెల్లో శబ్దం చెదిరిపోతుంది.

ఇల్లు కడుతున్నవాళ్లు బండలు పరవకముందే, గోడలకు పూత వేయకముందే స్పీకర్ వైర్లకు పైపులు వేయించాలి, కరెంటు వైర్ల పైపుకు విడిగా. చివరగా, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌తో వచ్చే మైకును చెవి ఎత్తున నిలబెట్టి, ఫ్యాను, కూలర్ ఆపి కొలత తీయించాలి. అందులో సబ్ వూఫర్ దూరం టేపు కొలత కన్నా ఎక్కువ చూపిస్తే కంగారు పడి మార్చకూడదు. దానిలోని సర్క్యూట్ వల్ల శబ్దం కాస్త ఆలస్యమవుతుంది, రిసీవర్ ఆ ఆలస్యాన్నే దూరంగా లెక్కకడుతుంది.